అనుభవజ్ఞులైన మడ మొక్కలు

మొక్క నాటడానికి కారులో వచ్చే ముఖ్య అతిథిని మించిన వరం ఈ భూమికి మరొకటి లేదు! తొందరపడి నవ్వకండి. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను.

అనడానికి నాకు అర్హత ఉందా అంటే, ఉంది. సముద్రం ఒడ్డున పీతలు పట్టుకుని బతికే మా వాడలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. అందుకే మా చిత్తడి నేలను బాగుచేసుకునే సంఘానికి నన్ను కోఆర్డినేటర్‌ని చేశారు. అమ్మ, పెద్దమ్మ, తక్కిన ఆడవాళ్ళు మోకాలి లోతు బురదలో పని చేస్తారు. నేను గట్టు మీద నిలబడి, "వాళ్ళు పని చేస్తున్నారు" అని వచ్చినవాళ్ళకు ఇంగ్లీషులో చెబుతాను. ఇంట్లో ఒకరైనా చదువుకోవాలని మా నాన్న అంత పట్టుబట్టింది ఇందుకే కాబోలు!

మా వాడకీ సముద్రానికీ మధ్య ఒకప్పుడు మడ అడవి ఉండేది. ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లు. వాటి వేళ్ళ సందుల్లో పీతలు, రొయ్యపిల్లలు. తుఫాను వస్తే ముందు ఆ చెట్లతో తేల్చుకుని, ఓపిక మిగిలితేనే మా ఇళ్ళ దాకా వచ్చేది. తర్వాత ఎవరో రోడ్డు వేస్తూ సముద్రపు పాయ నోట్లో మట్టి కొట్టారు. పోటు నీళ్ళు రాక చెట్లు నిలువునా ఎండిపోయాయి. పీతలు వేరే అడ్రసు చూసుకున్నాయి. మేం మాత్రం ఉండిపోయాం. మాకు అన్ని కాళ్ళు లేవు మరి!

దీనికి మందేమిటో వాడలో పసిపిల్లలకు కూడా తెలుసు. పాయ నోరు తెరవాలి, అంతే. పోటు లోపలికి వస్తే దాంతోపాటు గింజలూ కొట్టుకొస్తాయి. బురదలో దిగబడి వాటంతటవే మొలుస్తాయి. ఎవరూ నాటక్కర్లేదు. సరే, మా ఆడవాళ్ళు పలుగూ పారా పట్టారు, తవ్వారు. నీళ్ళు వచ్చాయి.

నీళ్ళతోపాటు మా పనికి సాయం చేసే కంపెనీ తరఫున మేనేజరుగారూ వచ్చారు. కాలువను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. దాని పక్కన నిలబడి ఫొటో దిగారు. ఆ ఫొటోను చూసుకుని నీరసపడిపోయారు.

"ఇదేంటమ్మా, మురిక్కాలవ పక్కన నిలబడ్డట్టున్నాను! గుంటకి లైకులు రావు. మొక్క కావాలి, మొక్క!"

ఎంత నిజం! ఏ పెద్దమనిషైనా గుంటను ప్రారంభించి పత్రికలో ఎలా పడతాడు చెప్పండి?

అలా మా వాడలో మొక్కల శకం మొదలైంది. మొదట్లో మాకు తెలియక నిజంగానే నాటించేవాళ్ళం. ఒక అతిథి మొక్కను తలకిందులుగా నాటారు. చప్పట్లు కొట్టాం. ఇంకొకరు సరిగానే నాటి, ఫొటో కోసం వెనక్కి జరుగుతూ దాని మీదే నిలబడ్డారు. మళ్ళీ చప్పట్లు కొట్టాం. ఇలా ఎన్ని మొక్కల్ని చంపుకుంటాం? చివరికి మా ఆడవాళ్ళు ఒక పద్ధతి కనిపెట్టారు. మొక్కను ప్లాస్టిక్ సంచీతో సహా గుంటలో పెట్టించడం, కారు మలుపు తిరగగానే చెవి పట్టుకు లేపినట్టు లేపి, కడిగి, మా వరండా నీడలో పెట్టడం!

ఇప్పుడు మా దగ్గరున్నవి అనుభవజ్ఞులైన మొక్కలు. ఎండకు వాడవు, కెమెరాకు బెదరవు, ఉపన్యాసానికి నిద్రపోవు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గదా. మా మొక్కలు వచ్చినవాళ్ళందరికీ వంగీ వంగీ, ఇక మానయ్యే ఆలోచనే మానుకున్నాయి.

వాటిలో అందరికంటే సీనియర్ మొక్కకు పెద్దమ్మ 'పెద్దల్లుడు' అని పేరు పెట్టింది.

"ఆ పేరెందుకే?" అని అమ్మ అడిగితే, "వస్తాడు, కూచుంటాడు, మర్యాదలు చేయించుకుంటాడు, పోతాడు. వేరు మాత్రం దింపడు" అంది. పెద్దమ్మగారి అసలు పెద్దల్లుడు అప్పుడు పక్కనే ఉన్నాడు. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకున్నాడు. చూశారా, అతిథుల వల్ల ఎన్ని లాభాలో!

లాభాలకేం, లెక్కలేనన్ని. అతిథి వచ్చే ముందురోజు వీధి దీపాలు వెలుగుతాయి. రోడ్డు గుంతల్లో మట్టి పడుతుంది. దోమల మందు పొగ పెడతారు. ఆ ఒక్కరోజు మా దోమలకు కూడా మేం పౌరులమని తెలుస్తుంది. రబ్బరు బూట్లు అతిథులతోనే వస్తాయి, అతిథులతోనే వెళ్తాయి. బురదలో రోజూ దిగేవాళ్ళకు బూట్లెందుకు, అలవాటైపోయింది గదా!

పైగా ఉపన్యాసాలు! "మొక్కల్ని మీ కన్నబిడ్డల్లా చూసుకోవాలి" అని ఒక అతిథి గద్గద స్వరంతో చెప్పారు.

"కన్నబిడ్డల్ని వారానికో మనిషి చేత పాతించి పీకుతామా?" అని అమ్మ నా చెవిలో గొణిగింది.

"అమ్మా, మైకు ఆన్‌లో ఉంది!" అన్నాను. అతిథి ఏమీ నొచ్చుకోలేదు. వినే అలవాటు ఉంటే గదా నొచ్చుకోవడానికి!

ఇక పోయిన ఏటి సంగతి. ఆ సభకు నేల మీద ఎర్ర తివాచీ పరిచారు. పోటు వస్తే తివాచీ తడుస్తుందని పాయ నోటికి ఇసుక బస్తాలు అడ్డం వేయించారు. "ఒక్కరోజే" అన్నారు మేనేజరుగారు. ఆ ఒక్కరోజుకు అతిథిగారికి తీరిక దొరకలేదు. సభ వాయిదా పడింది. మళ్ళీ వాయిదా పడింది. ఈలోగా గింజలు రాలే కాలం రానే వచ్చింది. సముద్రం పెద్ద పోటుతో, బోలెడు గింజలతో వచ్చి, బస్తాల మీద తలుపు తట్టి, ఎవరూ పలక్కపోయేసరికి సరుకంతా వెనక్కి పట్టుకుపోయింది. ఆ తర్వాత అతిథి తీరిగ్గా వచ్చి, "సముద్రానికి మనం దారి వదలాలి!" అని బస్తాల వైపు చెయ్యి చాచి మరీ చెప్పారు. ఎంత బాగా చెప్పారు! పోయింది ఒక్క కాలమే గదా. దానికే పెద్దమ్మ అన్నం మానేయడం ఏమన్నా బాగుందా?

కారు మలుపు తిరగగానే పెద్దల్లుణ్ణి కూడా పట్టించుకోకుండా మా ఆడవాళ్ళు బస్తాలు లాగి పారేశారు. ఈ ఏడాది గింజలు వచ్చాయి. వచ్చి ఊరుకున్నాయా? మొలిచాయి! ఒక వరస లేదు, రిబ్బన్ లేదు, ఆహ్వానం లేదు. సరిగ్గా పోయినేడు వేదిక వేసిన చోట పచ్చగా, గుంపుగా, మర్యాద తెలియకుండా మొలిచాయి.

మొన్న బురదలో దిగిన పెద్దమ్మ ఉన్నట్టుండి కెవ్వుమంది. అందరం పరిగెత్తాం. ఒంటికాలి మీద గెంతుతోంది. "కరిచిందే! పీత కరిచిందే! మన పీతే!" అని ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు. కాలి వేలి నుంచి రక్తం కారుతుంటే అంత సంబరపడ్డ మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఆ సాయంత్రమే మేనేజరుగారి ఫోను. కంపెనీ వార్షికోత్సవమట. మొక్కలు నాటడానికి స్థలం చదును చేయించమన్నారు.

"సార్, అక్కడ మొక్కలున్నాయి."

"ఏ మొక్కలు? మనం నాటినవా?"

"కాదు సార్. వాటంతటవే వచ్చినవి."

"మరి తీసేయించండి. నాటడానికి చోటు కావాలి కదా! అలాగే ఆ బస్తాలు కూడా..."

ఇంటికి వచ్చి చెప్పాను. పెద్దమ్మ కట్టు కట్టిన కాలు చాపుకుని కూచుని ఉంది.

"మొక్కలు నాటడానికి మొక్కలు పీకమన్నాడా?"

"అవును పెద్దమ్మా."

"ఆయనకి ఇంట్లో మంచీచెడ్డా చెప్పే ఆడదిక్కు లేదా?"

"ఉంది. ఆవిడ కూడా ఫొటోలోకి వస్తున్నారట."

"ఇంత చదివావు, కుదరదని ఒక్క మాట అనలేవటే?" అంది అమ్మ.

అనగలను. కానీ ఆ పాయ దగ్గర కంపెనీ బోర్డు ఉంది గనకే మళ్ళీ మట్టి లారీ అటు తొంగిచూడలేదు. కాదంటే బోర్డు పోతుంది. బోర్డు పోతే లారీ వస్తుంది. ఔనంటే మొలకలు పోతాయి. అడకత్తెరలో పోకచెక్కంటే ఏమిటో ఏ యూనివర్సిటీలోనూ చెప్పరు, కోఆర్డినేటర్ ఉద్యోగంలోనే తెలుస్తుంది.

తెల్లారి మేనేజరుగారికి ఫోను చేసి, అతిథుల క్షేమం కోరి ఉన్నదున్నట్టు చెప్పాను. "సార్, స్థలం చదును చేయిస్తాం గానీ, అక్కడ పీతలు వచ్చాయి. ఒకటి మా పెద్దమ్మ కాలు కరిచింది. కుట్లు పడ్డాయి."



"పీతలా? అదేంటమ్మా, మా మేడమ్‌గారు చెప్పులతో వస్తారు!"

"అందుకే సార్, సభ మీ ఏసీ హాల్లో పెట్టుకుంటే? బురద టబ్బుల్లో మేమే తెస్తాం. రాళ్ళూ రప్పలూ ఏరి, జల్లెడ పట్టి, మెత్తగా. మొక్కలు కూడా మావే. బాగా అలవాటు పడ్డవి."

మేనేజరుగారి గొంతులో అంత ఆనందం నేనెన్నడూ వినలేదు. వెనకాల పెద్ద స్క్రీన్ మీద సముద్రం వేయిస్తారట. అలల చప్పుడుకు స్పీకర్లట. పాయ దగ్గర బోర్డుకు కొత్త రంగు కూడా వేయిస్తారట. బస్తాల ఊసే ఎత్తలేదు. హాల్లో తివాచీ ఎప్పుడూ పొడిగానే ఉంటుంది గదా!

"అక్కడ పోటు ఎప్పుడొస్తుందట?" అని పెద్దమ్మ అడిగింది.

"భోజనాలయ్యాక. స్విచ్ నొక్కితే."

"పెద్దల్లుణ్ణి తీసుకెళ్తున్నావా?"

"ఆయన లేకుండా సభెలా జరుగుతుంది?"

"జాగ్రత్తే. చల్లటి గది మరిగితే ఇక ఇంటికి రాడు."

కాబట్టి పాఠకులారా, మీరంతా ఆ హాలుకు తప్పక రండి. పిల్లాపాపలతో రండి, తలా ఒక మొక్క నాటండి, తలకిందులుగా నాటినా పర్వాలేదు, కావలసినన్ని ఫొటోలు దిగండి. గట్టిగా చప్పట్లు కొట్టడానికి నేను అక్కడే, మైకు పక్కనే ఉంటాను.

మా పాయ దగ్గరికి మాత్రం దయచేసి రాకండి. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. నీళ్ళు వస్తాయి, పోతాయి. మొలకలు వాటి మానాన అవి పెరుగుతుంటాయి. మీకు చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా ఉండరు. అమ్మా పెద్దమ్మా ఉంటారు గానీ, వాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు.