గీతకు కుడి కొస

2002 జులై పదిహేను, సోమవారం. గిలకలదిండిలో తెల్లవారుజాము చేపల పాట ముగించుకుని ఇంటికి రావడం, ఎనిమిది గంటలకు ధనమ్మను తీసుకుని బందరులో గుడివాడ బస్సెక్కడం, పదింటికల్లా ఆసుపత్రిలో పుస్తకం ఇచ్చేయడం. ఆ రోజుకి తోమాసు అనుకున్నది అంతే.

తోమాసు ఇరవై రెండేళ్ళుగా హార్బరులో చేపల వేలం పాడుతున్నాడు. ధనమ్మ వలలు బాగుచేసేది. ఆమెది దివిసీమలో సొర్లగొంది. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత బందరు వచ్చింది. మూడేళ్ళ కిందట ఆమె వేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున్నే గుప్పిట మూతపడటానికి అరగంట పట్టేది. జాకెట్టు హుక్కులు తోమాసు పెట్టేవాడు. పాటకు పోయే తొందరలో ఒకటి తప్పేది.

జూన్‌లో గుడివాడ ఆసుపత్రి నుంచి హారిక అనే అమ్మాయి పుస్తకాలు పట్టుకుని హార్బరుకి వచ్చింది. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి నొప్పి రోజురోజుకీ ఎలా మారుతుందో అక్కడి డాక్టరు శశిధర్ పరిశోధన చేస్తున్నాడు. పుస్తకంలో పేజీకి ఒక గీత, పది సెంటీమీటర్లు. ఎడమ కొసన 'నొప్పి లేదు' అని, కుడి కొసన 'భరించలేని నొప్పి' అని అచ్చు వేశారు. రోజూ సాయంత్రం రోగి తన నొప్పి ఎక్కడుందో ఆ గీత మీద ఒక అడ్డుగీత గీయాలి. పద్నాలుగు రోజులు గీసినవాళ్ళు అరవై మంది. వారిలో నలభై మందిని తీసుకుంటారు. తీసుకున్నవాళ్ళకి ఏడాది పాటు మందులు, రక్తపరీక్షలు. ఎలా ఎంచుతారో హారిక చెప్పలేదు. చెబితే అలాగే గీస్తారని డాక్టరు వద్దన్నాడు.

తోమాసు పుస్తకం తెరిచింది ఆ సోమవారమే. తెరిచి గుమ్మంలో కూర్చుండిపోయాడు.

"ఇదేంటే? అన్నీ ఇటు ఎడమ కొసనే గీశావు?"

"ఉన్న చోట గీశాను."

"రాత్రి గ్లాసు పట్టుకోలేక కింద పడేశావు. ఇక్కడ చూస్తే వేలెడు కూడా లేదు."

"ఆ చివర ఏం రాసుందో చదువు."

"భరించలేని నొప్పి."

"భరిస్తున్నానుగా?"

తోమాసు ఇంకో పేజీ తిప్పుతుంటే ధనమ్మే మళ్ళీ అంది.

"భరించలేకపోతే గీత గీయడానికి నేనుంటానా? ప్రార్థన చేసుకుని, దేవుడికి స్తోత్రం చెప్పుకుని, అదే చేత్తో అబద్ధం గీయమంటావా?"

"అబద్ధం కాదే పిచ్చిదానా, పాట! నలభై సీట్లు, అరవై మంది. ఎక్కువ పలికినోడికే గదా సరుకు?"

"నేను సరుకుని కాదయ్యా. ఆ హుక్కు పెట్టు, బస్సు పోద్ది."

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద తోమాసు పక్కన సీతారామయ్య కూర్చున్నాడు. చల్లపల్లి రైతు. పామర్రులో బస్సు మారి భార్య సుబ్బరత్నమ్మను తీసుకొచ్చాడు. ఆమెకీ అదే జబ్బు. మోకాళ్ళలో, మణికట్లలో. ఆడవాళ్ళిద్దరినీ రక్తం తీయడానికి హారిక లోపలికి తీసుకెళ్ళింది. పుస్తకాలు మగవాళ్ళ దగ్గర ఉండిపోయాయి.

"మీ ఆవిడ ఎక్కడ గీశారండీ?" అని తోమాసు అడిగాడు.

సీతారామయ్య పుస్తకం తెరిచి చూపించాడు. పద్నాలుగు పేజీల్లోనూ అడ్డుగీత కుడి కొసనే ఉంది. ఒక రోజైతే గీత దాటి అంచులో పడింది.

"అంత బాధేనాండీ?"

"బాధ ఉందండీ, లేదనను. కానీ పుస్తకం టీవీ మీద పెడుతుంది. మా కోడలు ఇంద్రజ టీవీ తుడిచినప్పుడల్లా తెరిచి చూస్తుంది. ఇది డాక్టరు గారికి రాసింది కాదండీ, కోడలికి రాసిన ఉత్తరం."

"మీకు సీటు ఖాయమండీ."

"అదే నా భయం. వారం వారం గుడివాడ తీసుకురావాలట, ఏడాది పాటు. అవతల నాట్లు. మా ఆవిడ ఎంపిక కాకుండా ఉంటే మా ఊరి డాక్టరు దగ్గరే చూపించుకుంటాం."

తోమాసు ధనమ్మ పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాడు. సీతారామయ్య పేజీలు తిప్పాడు. ఇద్దరి చూపులూ అట్టల మీదికి వెళ్ళాయి.

పుస్తకాల మీద పేర్లు లేవు. హారిక అన్నిటికీ ఖాకీ అట్టలు వేసి, అట్టల మీద నంబర్లు అంటించింది. ధనమ్మది పదిహేడు, సుబ్బరత్నమ్మది ఇరవై మూడు. అట్టలు మారిస్తే పుస్తకాలు మారిపోతాయి. తోమాసు భుజం మీది తువ్వాలు తీసి పుస్తకాల మీద పరిచాడు. తువ్వాలు కింద సీతారామయ్య అతని రెండు వేళ్ళు పట్టుకున్నాడు.

"ఒకదానికొకటేగదండీ, వేళ్ళెందుకు?"

"ఎడ్ల సంతలో వేళ్ళు పట్టే ధర చెబుతామండీ, అలవాటు. ఏమనుకోకండి."

రెండు నిమిషాల్లో పని అయిపోయింది. తోమాసు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

లోపల శశిధర్ రక్తపోటు చూసే పట్టీని చుట్టగా చుట్టి, కొంచెం గాలి కొట్టి, ధనమ్మ చేతికిచ్చి నొక్కమన్నాడు. మామూలు మనిషి నొక్కితే ముల్లు రెండు వందలు దాటుతుంది. ధనమ్మ నొక్కితే నలభై ఆరు దగ్గర ఆగింది. అతను అంకె రాసుకున్నాడు. పదిహేడో నంబరు పుస్తకం తన వైపు తెరుచుకుని పేజీలన్నీ తిప్పాడు. మళ్ళీ వెనక నుంచి తిప్పాడు.

"సరేనమ్మా. నాలుగింటికి లిస్టు పెడతాం," అన్నాడు.

నాలుగింటికి పెట్టిన లిస్టులో ఇరవై మూడు ఉంది. పదిహేడు లేదు.

"అమ్మాయ్, ఎక్కడో పొరపాటు జరిగింది," అని తోమాసు హారికను పట్టుకున్నాడు. "పదిహేడు చూశారా? అన్నీ చివరికంటా ఉన్నాయి!"

"అందుకే తీసేశారండీ. పద్నాలుగు రోజులూ ఒకే చోట గీస్తే ఆ మనిషికి గీత అర్థం కానట్టు. రోజుకో చోట గీసినవాళ్ళే మాకు కావాలి. ఎక్కువైనా తక్కువైనా పర్లేదు."

"నేను రోజుకో చోటే గీశాను గదమ్మా?" అంది ధనమ్మ.

"బస్సు పోద్ది, రా," అన్నాడు తోమాసు.

గుడ్లవల్లేరు దాటాక అట్టల సంగతి చెప్పాడు. ధనమ్మ పెడన దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"నా నొప్పి అమ్మేశావా?"

"అమ్మలేదే. మారకం."

"ఏం వచ్చింది మారకానికి?"

తోమాసు తువ్వాలు సర్దుకుని లేచాడు. బందరు వచ్చేసింది.

చల్లపల్లిలో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా లేదు. ఎంపికైనందుకు సీతారామయ్య నాట్లు వదిలి ప్రతి సోమవారం గుడివాడ వెళ్ళాల్సి వచ్చింది. రెండో వారం శశిధర్ ఇరవై మూడో నంబరు పుస్తకం ముందు పెట్టుకుని సుబ్బరత్నమ్మను అడిగాడు.

"ఆదివారం ఆదివారం మీ నొప్పి తగ్గుతోందండీ. ఆ రోజు చేతులకి విశ్రాంతి ఇస్తారా?"

"విశ్రాంతా? ఆదివారమే గద బాబూ మా కూతుళ్ళ సంసారాలు దిగేది! పన్నెండు మందికి వంట. మా కోడలు ఆ రోజే తలనొప్పని పడుకుంటుంది."

శశిధర్‌కి ముప్పై ఏళ్ళు. ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీశాడు. ఆగస్టులో రోగులందరికీ పంచిన సలహా కాగితంలో నాలుగో అంశంగా అది అచ్చయింది: 'చేతులకు పని తగ్గించవద్దు. ఆదివారం ఎక్కువ పని చేసే ఒక మహిళకు ఆ రోజే నొప్పి తగ్గినట్టు మా పరిశీలనలో తేలింది.'

ఇంద్రజ ఆ కాగితం చదివి, మడిచి టీవీ మీద పెట్టింది. మిక్సీ ఎత్తి బీరువాలో పెట్టింది.

"పిండి మీరు రోట్లో రుబ్బండత్తయ్యా. డాక్టరు గారే రాశారు," అంది.

ఎంపిక కానివాళ్ళకి కూడా కాగితం ఇవ్వాలి కనుక హారిక గిలకలదిండి వచ్చింది. ధనమ్మ అయిదో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుని నాలుగో అంశం రెండుసార్లు చదివింది.

"ఆదివారం నేను చర్చికెళ్ళాను. వల సూది ముట్టుకోలేదు. అందుకు తగ్గింది," అంది.

హారికకు అర్థం కాలేదు. తోమాసుకి అర్థమైంది.

ఆ వారంలోనే సీతారామయ్య హార్బరుకి వచ్చాడు. పాట అయ్యేదాకా మంచు పెట్టెల పక్కన నిలబడ్డాడు.

"తోమాసు గారూ, అట్టలు మళ్ళీ మార్చుకుందామండీ. మా ఆవిడ మణికట్టు వాచిపోయింది. రుబ్బలేక రుబ్బుతోంది. మార్చింది నేనని తెలిస్తే నన్ను రోట్లో వేస్తుంది."

"ఇప్పుడు అట్టలతో అయ్యేది కాదండీ. నోటితో చెప్పాల్సిందే."

తర్వాతి సోమవారం నలుగురూ శశిధర్ ముందు నిలబడ్డారు. తోమాసు చెప్పాడు. సీతారామయ్య మధ్యలో రెండుసార్లు "తప్పేనండీ" అన్నాడు. సుబ్బరత్నమ్మకి సంగతి తెలిసింది అక్కడే. ఆమె భర్త వైపు చూడలేదు.

"డాక్టరు గారూ, ఇక నుంచి నా పుస్తకం ఇక్కడే ఉంచండి. వచ్చినప్పుడు గీస్తాను. ఇంట్లో అయితే చివరికంటా గీయాలి," అంది.

శశిధర్ ధనమ్మ అసలు పుస్తకం తెరిచాడు. పక్కన నలభై ఆరు అంకె వేసిన కాగితం పెట్టాడు.

"అమ్మా, చేతిలో ఇంత పట్టు తగ్గిన మనిషికి నొప్పి ఇంతేనా?"

"ఆ చివర భరించలేని నొప్పి అని రాశారు గద బాబూ. భరిస్తున్నానుగా?"

శశిధర్ ఆ కొసన అచ్చయిన మాట మళ్ళీ చదివాడు. తర్వాత బీరువా తెరిపించి దివిసీమ పుస్తకాలు బయటపెట్టించాడు. పద్దెనిమిది పుస్తకాల్లో పదిహేనింట్లో అడ్డుగీతలు మూడు సెంటీమీటర్లు దాటలేదు. తీర ప్రాంతంలో నొప్పి తక్కువని అతను అంతకుముందు వారమే హైదరాబాదుకి రాసి పంపాడు. హారికను పంపి వరండాలో కూర్చున్నవాళ్ళను అడిగించాడు. అవనిగడ్డ నుంచి వచ్చిన వెంకటాద్రి అనే ముసలాయన "భరించకపోతే ఎవరు భరిస్తారమ్మా?" అన్నాడు. మిగిలినవాళ్ళు కూడా ఇంచుమించు అదే చెప్పారు.

పాత పుస్తకాలన్నీ రద్దయ్యాయి. సెప్టెంబరులో కొత్తవి వచ్చాయి. హైదరాబాదు నుంచి కొత్త నియమం కూడా వచ్చింది: గీత మీద నాలుగు దాటినవాళ్ళకే మందు. ఈసారి దాన్ని దాచలేదు. కుడి కొసన మాట మార్చారు: 'మీరు ఊహించగలిగినంత ఎక్కువ నొప్పి'.

"నాలుగు దాటితే చాలంట," అని తోమాసు బస్సులో దారి పొడుగునా చెప్పాడు. "అబద్ధం అక్కర్లేదు. భరించడం గిరించడం తీసేశారు. సగానికి గీయి. సగం లేదా నీకు?"

"చూసి గీస్తానయ్యా."

మొదటి గీత డాక్టరు ఎదుటే గీయాలి. ధనమ్మ పెన్ను రెండు చేతులతో పట్టుకుంది. కుడి కొసన ఉన్న మాట చదివింది. చాలాసేపు ఆ కొస వైపే చూసింది. తర్వాత ఎడమ కొస నుంచి బియ్యపు గింజంత దూరంలో గీసింది.

తోమాసు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇదివరకటి కంటే తగ్గించావేంటే!"

"అమ్మా," అన్నాడు శశిధర్, "పెన్ను పట్టుకోవడానికే రెండు చేతులు కావాల్సి వచ్చింది. ఇంతేనా?"

"ఊహించమన్నారు గద బాబూ. డెబ్బై ఏడులో నేను సొర్లగొందిలో ఉన్నాను. మా అమ్మని, ఇద్దరు తమ్ముళ్ళని మూడో రోజు నేనే గుర్తుపట్టాను. దానికి ఇది ఎంత?"

శశిధర్ పుస్తకం మూశాడు. బల్ల దాటి వచ్చి ధనమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కొక్క కణుపూ నొక్కి చూశాడు. జులై నుంచి ఆ ఆసుపత్రిలో ఆమె చేతులు నొక్కి చూసిన డాక్టరు లేడు. కూర్చుని మామూలు ఓపీ చీటీ మీద వారానికో మాత్ర రాశాడు. నెలకోసారి రక్తపరీక్ష చేయించుకోమన్నాడు.

"ఇది పరిశోధన మందు కాదాండీ?" అన్నాడు తోమాసు.

"అదే మందండీ."

బందరు కోనేరు సెంటర్లో మందుల షాపువాడు చీటీ చూసి, వెనక అరలోంచి డబ్బా తీశాడు. ఎప్పటినుంచి దొరుకుతోందని తోమాసు అడిగితే, షాపు పెట్టినప్పటి నుంచీ ఉందని, షాపు పెట్టి తొమ్మిదేళ్ళయిందని చెప్పాడు.

జనవరి నాటికి ధనమ్మ అయిదు హుక్కుల్లో మూడు తనే పెట్టుకుంటోంది. మిగిలిన రెండూ తోమాసు పెడుతున్నాడు, ఏదీ తప్పకుండా.

మార్చిలో హైదరాబాదు చేరిన నివేదికలో పదిహేడో నంబరు ఎదురుగా ఇలా ఉంది: 'నొప్పి స్వల్పం. మందు అవసరం లేదు.'