విజయకుమార్ మెడ

ఆ ఆదివారం పొద్దున్న కొత్తపేటలో విజయకుమార్ పెట్టుకున్న పని ఒక్కటే. బజారుకు వెళ్ళిన భార్య భవానీదేవి తిరిగొచ్చేలోగా గిటారు సంగతి తేల్చేయాలి.

పద్దెనిమిదేళ్ళు దోహాలో క్రేను నడిపి మూడు నెలల కిందటే ఇల్లు చేరాడు. కుర్రతనంలో ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు గానీ, సొంతానికి ఎప్పుడూ ఒకటి లేదు. నలభై ఏడేళ్ళ వయసులో ఎలక్ట్రిక్ గిటారంటే నవ్వుతారని ఇంట్లో చెప్పలేదు. చేతిలో కొలతల కాగితం ఉండటంతో ఫోను పెరటి గోడమీద పెట్టి, స్పీకరు నొక్కి, బెంగుళూరులో గిటార్లు చేసే గణపతితో మాట్లాడుతున్నాడు.

"మెడ విడిగా చేసి స్క్రూలు బిగించమంటారా సార్, జిగురుతో అతికించమంటారా?"

"రెండూ వద్దండి. మెడ నుంచి కిందదాకా ఒకటే ముక్క ఉండాలి."

"తర్వాత మెడ వంకరపోతే మార్చలేమండి. మొత్తం పోయినట్టే."

"పోతే పోయింది. లోపల ఇనపకడ్డీ పెడతారుగా?"

"తప్పకుండా. పొట్ట దగ్గర కూడా కొంచెం కోసేస్తాను సార్, హాయిగా ఉంటుంది."

"ఆయ్, కోసేయండి. మా ఇంట్లో మాత్రం తెలియకూడదు."

గిటారుకు మెడంటే వేళ్ళు నడిచే పొడుగాటి చెక్క. ఆ చెక్కే చివరిదాకా సాగి, దానికి రెండు పక్కలా రెక్కలు అతికిస్తే మోత ఎక్కువసేపు నిలుస్తుంది, పై స్వరాలకు చెయ్యి అడ్డు లేకుండా పోతుంది. వెనక పొట్టకు ఆనే చోట చెక్కను కొంత కోసేస్తే ఒరుసుకోదు. విజయకుమార్‌కు ఇదంతా తెలుసు. వంటింటి కిటికీ దగ్గర గోంగూర వలుస్తున్న అత్తగారు అన్నపూర్ణకు తెలియదు. ఆవిడ మురమళ్ళ నుంచి ముందురోజే వచ్చింది.

అల్లుడు డిజైను కాగితం పంపడానికి జెరాక్సు షాపుకు బయల్దేరగానే ఆవిడ కపిలేశ్వరపురంలో ఉన్న అన్నగారు త్రిమూర్తులుకు ఫోన్ చేసింది.

"అన్నయ్యా! అల్లుడుగారి మెడలో ఇనపకడ్డీ వేస్తారంట! పొట్ట కూడా కోస్తారంట!"

గంట తర్వాత విజయకుమార్ తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు పదిహేను జతల చెప్పులున్నాయి. లోపల ఇంటినిండా చుట్టాలు, కొబ్బరిబొండాల గెల, జున్ను గిన్నెలు, ఏడుస్తున్న భార్య.

"కదలకండి!" అని అరిచింది భవాని. వెనకనుంచి త్రిమూర్తులు వచ్చి, తన పాత మెడపట్టీని అతని మెడకు బిగించాడు. గిటారు సంగతి బయటపడిపోయిందని విజయకుమార్‌కు తోచింది. కోపం మాత్రం ఇంతుంటుందని అనుకోలేదు.

"ఎవరంట చేసేది?" అడిగాడు త్రిమూర్తులు.

"బెంగుళూరులో గణపతి గారండి. మంచి పనిమంతుడు."

"ఇప్పటిదాకా ఎన్ని చేసేడు?"

"నూటయాభై పైనేనండి. ఒక్కటీ వెనక్కి రాలేదు."

భవాని ఘొల్లుమంది. "ఎప్పట్నుంచి ఉందండీ మీకిది?"

"పద్దెనిమిదో ఏట నుంచీ ఉన్నదే. దోహాలో ఎలాగో అణుచుకున్నాను."

"మా మురమళ్ళ వీరేశ్వరస్వామీ, ఈ గండం గట్టెక్కించు. నీకు కల్యాణం చేయిస్తాను," అని అన్నపూర్ణ చేతులెత్తి దణ్ణం పెట్టింది. అప్పుడే ఫోను మోగింది. గణపతి పేరు చూసి త్రిమూర్తులు లాక్కుని స్పీకరు నొక్కాడు.

"డాక్టరుగారూ, మా అల్లుడి మెడ..."

"డాక్టర్నేంటండీ, నేను గిటార్లు చేస్తాను. మెడకి టేకు పెట్టమంటారా, పనసా? అది అడుగుదామనే చేశాను."

విజయకుమార్ సిగ్గుపడుతూ అసలు సంగతంతా చెప్పాడు.

చెబుతుంటే అతనికి దోహా గుర్తొచ్చింది. ఒకసారి పదకొండు రోజులు జ్వరంతో పడుకున్నాడు. పలకరించడానికి తలుపు తీసినవాళ్ళు లేరు. ఇక్కడ లేని నొప్పికి ఇంతమంది పనులు మానుకుని పరిగెత్తుకొచ్చారు. కళ్ళు చెమర్చాయి. అందరికీ తలవంచి నమస్కారం పెడదామంటే మెడపట్టీ వంగనివ్వలేదు.

"నవ్వుతాననుకున్నారా?" అంది భవాని ముక్కు తుడుచుకుంటూ. "రావులపాలెంలో మీరు వాయిస్తుంటే చూసేకేగా పెళ్ళికి ఒప్పుకున్నాను!"

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట అతను వినడం అదే మొదలు.

అన్నపూర్ణ మాత్రం వేరే ఆలోచనలో ఉంది. "ఒకటే చెక్కంటున్నారు కదా బాబూ, ఏకాండి వీణలాగానా? మా మేనత్త దగ్గరుండేది. పనస దుంగని తొలిచి చేసేవోరు. దాని నాదం వీధి చివరికి వినపడేది." ఆవిడ ఫోను అందుకుంది. "ఏవండీ గణపతి గారూ, పనసే పెట్టండి. పచ్చిది కాదు, బాగా ఆరింది."

"ఆరిన పనస దొరకడమే కష్టమండి, అమ్మా."

"ఎందుకు దొరకదూ?" అన్నాడు త్రిమూర్తులు. "పాతిల్లు విప్పినప్పుడు తీసిన దూలం మా కొట్లో ఉంది. అరవై ఏళ్ళది. అల్లుడి మెడకి ఆమాత్రం ఇచ్చుకోలేనా?"

ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు ఇంటిల్లిపాదికీ అంటుకుంది. మెడ సన్నంగా ఉండాలని విజయకుమార్, రెక్కలకు గోధుమరంగు వెయ్యాలని భవాని, మెరుపులు వద్దని అన్నపూర్ణ, అందరూ కలిసి గణపతికి మధ్యాహ్నం మూడింటిదాకా భోజనం లేకుండా చేశారు.

నాలుగు నెలలకు ఆ దూలంతోనే చేసిన గిటారు వచ్చింది. విజయకుమార్ మొదటి తీగ మీటితే, మోత ఆగేదాకా ఆ పదిహేనుమందీ కదలకుండా విన్నారు. తర్వాత ఒక్కొక్కరి పేరూ చెప్పి, వాళ్ళకిష్టమైన పాటొకటి వాయించాడు. కృతజ్ఞత చెప్పడం అంతకన్నా అతనికి చేతకాలేదు.

ఇప్పుడు చెక్క విషయంలో ఏ అనుమానం వచ్చినా గణపతి విజయకుమార్‌కు ఫోన్ చెయ్యడం లేదు. నేరుగా అన్నపూర్ణగారికే చేస్తున్నాడు.