టైరు మీది తాళం

ఆ రోజు పొద్దున జైతున్‌బీ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఫజర్ నమాజు కాగానే పాత రైసు మిల్లు పక్కనున్న ఖాళీ స్థలానికి వెళ్లాలి. కొడుకు యూసుఫ్ కారు టైరు మీదున్న తాళంచెవి తీసుకోవాలి. ఇంటికి వచ్చి టీ పెట్టుకోవాలి.

తాళంచెవి టైరు మీద ఎందుకుంటుందంటే, తిరువూరులో వాళ్లుండే వీధిలోకి కారు పట్టదు. కిరాయికి తిరిగేవీ సొంతానివీ అన్నీ రాత్రిళ్లు ఆ మిల్లు స్థలంలోనే ఉంటాయి. వెనక వచ్చినవాడు ముందు వచ్చినవాడికి అడ్డం పెట్టక తప్పదు. అందుకని అందరూ తాళాన్ని ముందు టైరు మీద పెట్టి ఇంటికి పోతారు. వేకువనే కిరాయి ఉన్నవాడు అడ్డమున్న కారును తీసి పక్కన ఎక్కడో పెట్టి, దాని తాళం మళ్లీ టైరు మీదే ఉంచి తన దారిన పోతాడు. రాత్రి పెట్టిన చోట కారు పొద్దున ఉండకపోవడం అక్కడ ఎవరికీ వింత కాదు. జైతున్‌బీ భర్త నాగూర్ బతికున్న రోజుల నుంచీ అదే పద్ధతి.

కిందటి వారం కానిస్టేబుల్ మరియదాసు వచ్చి అందరినీ మిల్లు అరుగు మీద కూర్చోబెట్టాడు.

"కారు దొంగకి కొమ్ములుండవండి. మనలాగే ఉంటాడు. ముందు తాళం సంపాదిస్తాడు. తలుపు తీసి పెట్టుకుంటాడు. ఆనక తీరిగ్గా వచ్చి తోలుకుపోతాడు. కనపడితే మీద పడొద్దు. గుర్తులు చూసుకుని ఫోను చెయ్యండి. ముందు ఆ టైర్ల మీద తాళాలు పెట్టడం మానండి."

అందరూ తలలూపారు. ఆ రాత్రి కూడా తాళాలు టైర్ల మీదే పెట్టారు. జైతున్‌బీ ఊరుకోలేక పక్కింటి అజ్మల్‌ని అడిగింది. అతనిదీ కిరాయి కారే.

"టైరు మీద కాకపోతే నీ నెత్తిన పెట్టమంటావా పిన్నీ?" అన్నాడతను.

ఆమె దిగులు ఆమెది. ఆ కారు నాగూర్ కొన్నది. ఎప్పుడు ఎక్కినా "నువ్వు ఓనరమ్మవి, వెనక కూర్చో" అనేవాడు. ఇప్పుడు ఇల్లు గడిచేది దాని మీదే. పైగా ఆ రోజు ఎనిమిదింటికల్లా యూసుఫ్ కారు ఒక ప్రైవేటు స్కూలు గేటు ముందు ఉండాలి. టీచర్లను రోజూ తీసుకొచ్చి దింపే పని అది. కుదిరితే ఏడాదంతా కిరాయి కోసం వెతుక్కోనక్కర్లేదు. "టైముకి రాకపోతే అజ్మల్‌ని పెట్టుకుంటాను" అని స్కూలు నడిపే స్నిగ్ధ మేడమ్ ముందే చెప్పింది.

బయట మంచు దట్టంగా ఉంది. మామిడి పూత వాసన ఆ మంచులో తడిసి వీధంతా నిలిచిపోయింది. మిల్లు స్థలంలో కార్లన్నీ తెల్లవే. ఆ తెల్లటి మంచులో ఏది కారో ఏది కాదో చేత్తో తడిమితే గాని తెలియడం లేదు. జైతున్‌బీ నిద్రలో నడిచినట్టు గోడవారనే వెళ్లి, యూసుఫ్ రాత్రి కారు పెట్టిన చోట ఆగింది. వంగి టైరు మీద చెయ్యి పెట్టింది.

తాళం లేదు.

వెనక తలుపు లాగి చూసింది. తెరుచుకుంది.

మరియదాసు చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తాళం సంపాదించాడు. తలుపు తీసి పెట్టుకున్నాడు. ఇక తోలుకుపోవడం ఒక్కటే మిగిలింది. ముందు ఆమె మిగిలిన కార్ల దగ్గరికి గబగబా నడిచి, టైర్ల మీది తాళాలన్నీ ఏరి తన పచ్చ గుడ్డసంచిలో వేసుకుంది. యూసుఫ్‌ని లేపుదామా అనుకుంది గాని, రాత్రి విజయవాడ నుంచి వచ్చి ఆలస్యంగా పడుకున్నాడని మనసొప్పలేదు. కారులో మనిషి ఉంటే దొంగ ఎలా తీసుకుపోతాడు? వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.

సీటు నిండా గోనెపట్టాలున్నాయి. "పొద్దున్నే టీచరమ్మలు ఎక్కే బండి, వీడు తుడవను కూడా లేదు" అనుకుంది. సీటు కాస్త మెత్తగా తగిలింది. కొడుకు కొత్త దూది పెట్టించినట్టున్నాడని మురిసింది. చలికి ఒక పట్టా మీదికి లాక్కుంది.

కారు కదిలింది. నాగూర్ తోలుతున్నాడు. వెనక్కి తిరగకుండా మాట్లాడటం అతని అలవాటు. "వినగడప దాకా పోయొద్దామా?" అన్నాడు. "పొయ్యి మీద ఏమీ పెట్టలేదులే, పద" అంది ఆమె. రోడ్డుకి రెండు పక్కలా పత్తి తెల్లగా ఉంది. మంచు తెల్లగా ఉంది. కారు ఆ తెలుపులో చక్రాలు లేనట్టే పోతోంది. అతని మెడ వెనక చిన్న పుట్టుమచ్చ ఉంటుంది, దాన్ని చూద్దామని ఆమె ముందుకు వంగింది.

మచ్చ లేదు. మెడ మీద ఎర్ర తువ్వాలు ఉంది.

జైతున్‌బీకి పూర్తిగా మెలకువ వచ్చింది. తోలుతున్నది ఎవరో పెద్దమనిషి. కిటికీలోంచి గంపలగూడెం రోడ్డు వెనక్కి పోతోంది. మీద పడొద్దన్నారు కాబట్టి పడలేదు. పట్టా తలమీదుగా కప్పుకుని కొడుక్కి ఫోను చేసింది.

"యూసుఫూ, కారుని దొంగ తోలుకుపోతున్నాడురా. నేనూ ఇందులోనే ఉన్నాను" అంది గుసగుసగా.

"అమ్మా, ఎక్కడున్నావు? ఇక్కడ గోలగోలగా ఉంది. ఎవడో అందరి తాళాలూ ఎత్తుకుపోయాడు."

"తాళాలకేం భయం లేదు. అన్నీ నా దగ్గరే ఉన్నాయి. పోతున్నది కారు."

"కారెక్కడికీ పోలేదు. పొద్దున ఎవరో తీసి గేటు పక్కన పెట్టారు. నా ఎదురుగానే ఉంది."

జైతున్‌బీ పట్టా సందులోంచి సీటు వైపు చూసింది.

"మన కారు నీ ఎదురుగా ఉంటే, నేనెందులో ఉన్నానురా?"

యూసుఫ్ ఏం చెప్పాడో వినపడలేదు. మామిడి తోటల్లోకి రాగానే సిగ్నలు పోయింది. ఆమెకు మాత్రం సంగతి అర్థమైపోయింది. దొంగ దొంగే. దొంగిలించింది మాత్రం ఇంకెవరిదో కారు.

అప్పటికే ముందు సీట్లో మనిషి మెడ బిగుసుకుపోయింది. అతను కూడా ఫోను తీసి పెళ్లాం రావమ్మకి చేశాడు. అతనిది వేరే కంపెనీ సిమ్ము, సిగ్నలు ఉంది.

"రావమ్మా, వెనక సీట్లో గోనెపట్టాలు మాట్లాడుతున్నాయి."

"రాత్రి అమ్మాయి వాళ్లింట్లో నిద్రపట్టలేదా ఏంటండి?" అని అవతల ఆడగొంతు.

"నిద్ర సంగతి కాదే. తాళాలన్నీ దగ్గరే ఉన్నాయంట. ముఠాకి ఫోను చేసి చెబుతున్నారు. నా గొంతు మళ్లీ వినపడకపోతే బీరువా తాళం ధాన్యం డబ్బాలో ఉంది."

పెళ్లాన్ని కూడా ముఠాలో చేర్చుకున్నాడన్నమాట అనుకుంది జైతున్‌బీ.

మలుపు తిరగగానే రోడ్డుకి అడ్డంగా పోలీసులు నిలబడి కార్లు తనిఖీ చేస్తున్నారు. ఆశ్చర్యం, దొంగ పారిపోలేదు. నేరుగా వాళ్ల ముందుకే పోయి ఆపాడు. ఇంత తెగింపు ఉన్న దొంగ గురించి మరియదాసు చెప్పనే లేదు. ముందు తలుపు, వెనక తలుపు ఒక్కసారే తెరుచుకున్నాయి.

"దొంగండి" అన్నాడు పెద్దమనిషి.

"వీడేనండి దొంగ" అంది జైతున్‌బీ.

వాళ్ల ముందు నిలబడి ఉన్నది మరియదాసే.

"ఒకరి తర్వాత ఒకరు చెప్పండి" అన్నాడు.

పెద్దమనిషి పేరు జగన్నాథరావు. వినగడపలో మామిడి తోట ఉంది. కారు కాగితాల్లో ఆ పేరే ఉంది. రాత్రి కూతురింటికి వచ్చి, మిల్లు స్థలంలో గోడవారన చోటు కనపడితే కారు పెట్టాడు. ఆ తర్వాత దానికి అడ్డంగానే యూసుఫ్ వచ్చి తన కారు పెట్టాడు. పూత చూసుకుని తోట కాపు బేరం మాట్లాడుకోవడానికి షావుకారు వస్తున్నాడని పొద్దున్నే బయల్దేరాడు.

"మరి తాళం టైరు మీద ఎందుకు పెట్టలేదు?" అని జైతున్‌బీ నిలదీసింది.

"ఎవరో అజ్మలంట, తాళం టైరు మీద పెట్టి పొమ్మన్నాడండి. ఎంత ధైర్యం వీడికి, దొంగ కూడా ఇలా అడగడు కదా అని జేబులో వేసుకుని పోయాను."

"వెనక తలుపో?"

"దానికి తాళం పడదమ్మా. పోయినేడు నుంచీ అంతే."

మరియదాసు పచ్చ సంచి తీసుకుని కారు బానెట్ మీద బోర్లించాడు. తాళాలు గలగలా కుప్పగా పడ్డాయి. కొన్నిటికి బొమ్మలు, ఒకదానికి శిలువ, ఒకదానికి తాయెత్తు. పక్కనున్న పోలీసులు దగ్గరికి వచ్చి చూశారు.

"అమ్మా, ఇన్నేళ్ల సర్వీసులో ఇన్ని కార్ల తాళాలు ఒక్కరి దగ్గర దొరకడం నేను చూడలేదు."

"మీరే కదండీ టైరు మీద ఉంచొద్దన్నారు."

మరియదాసు సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. తాళాలన్నీ తనే సంచిలో వేసి ఆమె చేతికిచ్చాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. ఎనిమిది కావస్తోంది. యూసుఫ్ తాళం ఆ సంచిలోనే ఉంది. రెండో తాళం పోయి చాలా కాలమైంది. నాగూర్ కారుని దొంగ నుంచి కాపాడబోయి కొడుకు నోటి దగ్గర కూడు తనే లాగేసింది. గోడకి ఆనుకున్నట్టు కారుకి ఆనుకుని నిలబడిపోయింది.

జగన్నాథరావు ఆమె ముఖం చూసి, సంగతి అడిగి తెలుసుకుని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఎక్కండమ్మా. షావుకారు ఎక్కడికీ పోడు. తోట అసలే పోదు."

ఆమె అలవాటుగా వెనకే కూర్చుంది. ఈసారి కళ్లు మూయలేదు. మంచు విడిపోతుంటే పత్తి చేలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. మిల్లు గేటు దగ్గర యూసుఫ్ కారు కనపడింది. ముందు భాగంలో చిన్న సొట్ట ఉంది. నాగూర్ ఒకసారి ఆ గేటుకే గుద్దుకుని, గేటుదే తప్పన్నాడు. చూసుకోవలసిన గుర్తు అదే, చూడకుండా వెళ్లింది.

స్థలం నిండా జనం. కదలని కార్ల చుట్టూ కర్రలతో కాపలా కాస్తున్నారు. తాళాలు ఎవరి దగ్గరున్నాయో యూసుఫ్ ఎవరికీ చెప్పలేదు. అజ్మల్ ఆమెను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పక్కకి రా పిన్నీ. తాళాలు ఎత్తుకుపోయినవాడు కార్ల కోసం వస్తాడు. వచ్చినవాణ్ని వచ్చినట్టే పట్టుకుంటాం."

"వచ్చాను నాయనా" అంది జైతున్‌బీ, సంచి ముందుకు చాపి.

ఎవరూ కర్ర ఎత్తలేదు, దించనూ లేదు. అజ్మల్ మొహం కందగడ్డలా ఉంది. ఎనిమిది దాటగానే స్నిగ్ధ మేడమ్ అతనికి ఫోను చేసింది. వస్తానన్నాడు గాని రాలేకపోయాడు. అతని తాళం కూడా సంచిలోనే ఉంది. మేడమ్ ఊళ్లో ఇంకెవరెవరికో చేసింది. వాళ్ల కార్లన్నీ ఈ స్థలంలోవే.

జైతున్‌బీ తాళాలు పంచడం మొదలుపెట్టింది. తల్లి కాబట్టి మొదటిది ఎవరికిచ్చిందో చెప్పనక్కర్లేదు. యూసుఫ్ స్కూలు గేటుకి చేరేసరికి బాగా ఆలస్యమైంది.

"ఆలస్యమే" అంది మేడమ్ గడియారం చూసుకుని. "కానీ ఈ ఊళ్లో కదిలిన కారు నీదొక్కటే. రేపటి నుంచి కూడా నువ్వే రా."

సాయంత్రం మిల్లు అరుగు మీద అందరూ కూర్చున్నారు. చాలాసేపు వాదించుకున్నాక, టైర్ల మీద తాళాలు పెట్టడం ప్రమాదమేనని ఒప్పుకున్నారు. ఇక నుంచి తాళాలన్నీ రాత్రిళ్లు జైతున్‌బీ పచ్చ సంచిలోనే ఉండాలని తీర్మానించారు. వేకువన కిరాయికి పోయేవాళ్లు వచ్చి ఆమె నిద్ర పాడుచేయకుండా, ఆమె ఆ సంచిని రోజూ యూసుఫ్ కారు టైరు మీద పెట్టి వస్తుంది.