మిషను విప్పిన మంగతాయారు

అంబాజీపేటలో మంగతాయారు రోజూ సాయంత్రం కూతురికి అన్నం పెట్టేముందు వేళ్లు లెక్కపెడుతుంది. శిరీష రెండు చేతులూ చాపి నిలబడాలి. పది తేలితేనే కంచంలో కూర పడుతుంది. ఒకసారి పిల్ల సరదాకి రెండు వేళ్లు మడిచి నిలబడేసరికి తాయారు ఎనిమిది దాకా వచ్చి గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది. శిరీష ఆ వేళాకోళం మళ్లీ చెయ్యలేదు.

ఇదంతా షెడ్డు వల్ల వచ్చిన తంటా. కాలవగట్టున మూతబడ్డ కొబ్బరిపీచు గోడౌనులో సత్యానందం మాస్టారు, పాలిటెక్నిక్‌లో రిటైరయ్యాక, పాత మిషన్లన్నీ పోగేసి ‘అందరి షెడ్డు’ అని బోర్డు పెట్టేరు. ఎవరైనా రావచ్చు, ఏదైనా చేసుకోవచ్చు. షరతు ఒక్కటే. విరిగింది బాగుచెయ్యాలి, పోయింది తయారుచెయ్యాలి. బజారుకెళ్లి కొత్తది కొనుక్కురావడం కుదరదు.

డిగ్రీ అయిపోయిన శిరీష అక్కడ లేత్ మిషను నేర్చుకుంటానంది. లేత్ అంటే ఏంటని తాయారు భర్తని అడిగింది. కనకరాజు పదేళ్లు కువైట్లో డ్రైవరుగా చేసొచ్చి ఇప్పుడు ఆటో తోలుతున్నాడు కాబట్టి, ఇనుముకి సంబంధించిన సందేహాలన్నీ ఆ ఇంట్లో ఆయనే తీర్చాలి.

“కడ్డీని గిరగిరా తిప్పుతూ కత్తితో చెక్కుద్ది,” అన్నాడాయన.

“ఆ కత్తి ఎక్కడుంటదండి?”

“మిషన్లోనే.”

“మరి పిల్ల చెయ్యి?”

“పక్కనే.”

ఆ ‘పక్కనే’ దెబ్బకి తాయారుకి రెండ్రోజులు అన్నం సహించలేదు.

చివరికి ఇంట్లో ఒప్పందం కుదిరింది. నెలాఖరులోగా శిరీష ఎవరి చెయ్యీ పడకుండా లేత్ మీద ఒక పని పూర్తిచేస్తే షెడ్డులోనే ఉండొచ్చు. లేకపోతే అమలాపురంలో కంప్యూటర్ కోర్సు. కీబోర్డు మీద వేలు తెగినవాళ్లు ఉన్నట్టు తాయారు ఎక్కడా వినలేదు.

పని కూడా శిరీషే ఎంచుకుంది. సెంటర్లో పూలమ్మే సుందరమ్మకి కాళ్లు లేవు. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి మీద తిరిగేది. ఆ బండి ఇరుసుకి తొడిగే ఇత్తడి గొట్టం ముక్క, బుష్ అంటారు దాన్ని, అరిగిపోయి చక్రం పట్టేసింది. బండి పాతది, ఆ సైజు బుష్ ఎక్కడా దొరకలేదు. సుందరమ్మ రెండు నెలలుగా గడప దాటలేదు.

పాపం సుందరమ్మ అని తాయారు కూడా అనుకుంది. కానీ సుందరమ్మకి బండి ఎవరైనా బాగుచెయ్యొచ్చు, తన కూతురికి వేళ్లు ఎవరూ చేసిపెట్టలేరు.

మర్నాడు క్యారేజీ పట్టుకుని షెడ్డుకి బయల్దేరింది. పిల్లకి వేడివేడిగా తినిపించాలని పైకి చెప్పింది. అసలు సంగతి కాపలా.

తాయారు క్యారేజీ పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ముమ్మిడివరం నించి వచ్చిన కుర్రాళ్లు రొయ్యల చెరువులో గాలి మిషను ఆగిపోతే ఇంట్లో ఫోను మోగే పెట్టె ఒకటి చేస్తున్నారు. సఖినేటిపల్లి నావ మనిషి ఒకాయన విరిగిన పడవ పంకా రెక్కని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చేడు. ఓ మూల చిన్న పెట్టెలాంటి మిషను, దారంలాంటి ప్లాస్టిక్కుని కరిగించి, జంతికల గొట్టంతో ఒత్తినట్టు, పొర మీద పొర ఒత్తుకుంటూ పోతోంది. దాని దగ్గర మనిషే లేడు. దేవుడు కూడా ఇంత ఓపిగ్గా మనుషుల్ని చేసుండడు అనుకుంది.

అప్పుడు లేత్ తిరిగింది. ఇనుప కడ్డీ మీంచి తళతళమంటూ చుట్టలు చుట్టలుగా పొట్టు రాలింది. ఇనుముకి తొక్కుంటుందని తాయారుకి అంతవరకూ తెలీదు. రెండు క్షణాలు అలా చూస్తూ ఉండిపోయింది. మూడో క్షణంలో కూతురి జడ కనబడింది. జడ, చున్నీ, గాజు, చెయ్యి, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆ మిషన్లోకి పోయినట్టే అనిపించింది.

ఆ సాయంత్రం భర్తకి పథకం చెప్పింది. రోజూ ఎవరూ చూడకుండా మిషనులోంచి ఏదో ఒకటి ఊడదీసి తెచ్చేస్తుంది. మిషను నెలాఖరు దాకా తిరక్కపోతే చాలు.

“దాన్ని దొంగతనం అంటారు తాయారూ,” అన్నాడు కనకరాజు.

“దొంగలు అమ్ముకుంటారండి. నేను దాచిపెడతాను. మీరు మాత్రం ఎవరితోనూ అనకండి.”

“ఆయ్,” అన్నాడాయన. గోదారి జిల్లాలో పుట్టిన మొగుడు పెళ్లాంతో ఆయ్ అన్నాడంటే విన్నాడనే అర్థం, ఒప్పుకున్నాడని కాదు. ఇరవై రెండేళ్ల కాపురంలో తాయారు ఈ తేడా కనిపెట్టలేదు.

మొదట హ్యాండిల్‌కున్న పిడి. అలా పట్టుకుందో లేదో ఇలా చేతిలోకి వచ్చేసింది. ఇంత సులువా అని తనకే ఆశ్చర్యమేసింది. ఖాళీ ఆవకాయ జాడీలో పడేసి మూత పెట్టింది. మర్నాటికల్లా శిరీష కొబ్బరి మాను చేవ చెక్కి కొత్త పిడి బిగించేసింది. పాతదానికన్నా నున్నగా, చేతికి నిండుగా ఉంది.

తర్వాత బెల్టు. మోటారు నించి మిషనుకి వేసే తోలు బెల్టు అది. దాన్ని చుట్టచుట్టి చీర కుచ్చిళ్ల వెనక దాచి, నిండు గర్భిణిలా మెల్లిగా నడుచుకుంటూ ఇంటికొచ్చింది. మూడోరోజు వెళ్లేసరికి మిషను తిరుగుతోంది. పాత నడుం బెల్టులు కలిపి కుట్టి వేసేరు. అందులో ఒకదానికి అయిదు బెజ్జాలు కనబడ్డాయి. అయిదో బెజ్జం తన మొగుడికి పొట్ట పెరిగినప్పుడు తనే మేకు కాల్చి వేసింది.

“మీ బెల్టు అక్కడికెలా వెళ్లిందండి?”

“పిల్ల అడిగింది, ఇచ్చేను,” అని పంట్లాము పైకి లాక్కున్నాడు కనకరాజు.

ఇలా లాభం లేదని తాయారు ఈసారి గట్టిదాని మీద పడింది. మోటారుకుండే పుల్లీ, సాసరంత చక్రం. దాని స్క్రూ కూడా వేలితో తిప్పితేనే వచ్చేసింది. తన చేతుల్లో ఇంత బలం ఉందని ఆవిడకి తెలీనే తెలీదు. క్యారేజీ అడుగు గిన్నెలో పుల్లీ, పైగిన్నెలో మిగిలిన పప్పు. ఇనుముది చెయ్యాలంటే ఫ్యాక్టరీ కావాలి గదా, ఇక పిల్ల అమలాపురమే అనుకుని ఆ పూట పరవాన్నం వండింది.

శిరీష పరవాన్నం రెండోసారి వడ్డించుకుంటూ, అటక మీది సొట్టలు పడ్డ సత్తు గిన్నె పనికొస్తుందా అని అడిగింది. తాయారు సంతోషంగా దింపి ఇచ్చింది.

మర్నాడు షెడ్డు వెనక కొబ్బరి చిప్పల బొగ్గు మీద ఇనుప మూకుట్లో ఆ గిన్నె కరిగింది. ఇరవయ్యేళ్లు పులుసు కాచిన గిన్నె, చూస్తుండగా పాదరసంలా మారింది. ప్లాస్టిక్కుతో ఒత్తిన నమూనా చుట్టూ ఇసక దట్టించి, నమూనా తీసేసి, ఆ గుంటలో మాస్టారు పటకారతో మూకుడు పట్టి పోసేరు. అందరూ చుట్టూ మూగేరు, తాయారుతో సహా. చల్లారేక ఇసక దులిపితే పుల్లీ. తన గిన్నె పుల్లీ అయిపోయిందన్న కోపం కన్నా, అయిందే అన్న ఆశ్చర్యం ఎక్కువైపోయి, ఆవిడ దాన్ని వేడి ఉందేమోనని కొంగుతో పట్టుకుని పది నిమిషాలు తిప్పితిప్పి చూసింది.

“ఎంత ముద్దుగా ఉందండి,” అంది ఇంటికొచ్చి భర్తతో. తర్వాత తను ఏ పక్షమో గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది.

నెలలో ఆఖరి రోజు. కనకరాజు సుందరమ్మని ఆటోలో ఎక్కించి, వెనక బండి కట్టి షెడ్డు ముందుకి తెచ్చేడు. శిరీష మిషను నోట్లో ఇత్తడి ముక్క పెట్టి తాళంచెవిలాంటి ఇనుప కీతో బిగిస్తోంది. సుందరమ్మ వచ్చిందని వినగానే ఎదురెళ్లింది. కీ మిషనుకే ఉండిపోయింది.

తాయారు అటూ ఇటూ చూసి కీ లాగేసి బొడ్లో దోపుకుంది.

శిరీష వచ్చి కళ్లజోడు పెట్టుకుని స్విచ్ మీద చెయ్యి వేసింది.

“ఆగమ్మా. కీ ఏది?” అన్నారు మాస్టారు.

శిరీష జేబు తడుముకుంది. మిషను కేసి చూసింది. “దానికే వదిలేశాను మాస్టారూ.”

షెడ్డంతా చప్పుడు ఆగిపోయింది. పోయిన వస్తువు గురించి ఇంత విచారమా అని తాయారు అనుకుంటుండగా పక్కనున్న ముమ్మిడివరం కుర్రాడు మెల్లిగా చెప్పేడు, కీ దానికి ఉండగా స్విచ్ వేస్తే అది ఎగిరొచ్చి ఎదురున్న మనిషి మొహం మీద కొడుతుందండి అని.

తాయారు చెయ్యి దానంతటదే బొడ్లోకి వెళ్లి కీ తీసి బల్ల మీద పెట్టింది. నోరు కూడా దానంతటదే తెరుచుకుంది. పిడి, బెల్టు, పుల్లీ, జాడీతో సహా మొత్తం చెప్పేసింది.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. మాస్టారు ఒక నోటుబుక్కు తెరిచి ఆవిడ ముందుకు జరిపేరు. శిరీష చేతిరాతే.

‘పిడి. అమ్మకి అందేలా వదులు చెయ్యాలి. పాఠం: చెక్కపని. బెల్టు. పాఠం: తోలు కుట్టు. పుల్లీ. అమ్మ గోళ్లు విరక్కుండా స్క్రూ ముందే విప్పి ఉంచాలి. పాఠం: పోత.’

“మీరు వచ్చిన రెండోరోజునించీ మా చదువు ఇలాగే జరుగుతోంది తాయారమ్మ గారూ,” అన్నారు మాస్టారు. “పోయింది చేసుకోవడం షరతు. పోగొట్టే మనిషి దొరకడం మా అదృష్టం.”

“నేను ఊడదీస్తానని మీకెవరు చెప్పేరండి?”

కనకరాజు ఆటో అద్దం తుడవడం మొదలెట్టేడు.

మాస్టారి మొహం మళ్లీ గంభీరమైంది. “ఈ కీ మాత్రం మేం పెట్టింది కాదు. ఇది మీరు సొంతంగా తీసేరు. పిల్లని కాపాడేరు. కీ మరిచినవాళ్లని ఆవేళ మిషను ముట్టనివ్వను. కానీ స్విచ్ పడలేదు, మీరు కీ తీసేసేరు గనక నేను ఆపకపోయినా ప్రమాదం జరిగేది కాదు. అంచేత మీ మాటే. చెయ్యమంటే చేస్తుంది, వద్దంటే మానేస్తుంది.”

నెల్లాళ్లుగా తాయారు కోరుకున్నది ఇదే. ఒక్క మాట అంటే చాలు, పిల్ల అమలాపురం. శిరీష తలొంచుకుని నిలబడింది, బతిమాలలేదు. ఆటోలో సుందరమ్మ ఖాళీ పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని, ఏ మాట పడుతుందో అని తాయారు పెదాలకేసే చూస్తోంది.

తాయారు లేచి కూతురి దగ్గరకెళ్లింది. జడ ముడి వేసింది. చున్నీ తీసి తన భుజాన వేసుకుంది. గాజులు ఊడదీసింది. కళ్లజోడు సరిచేసింది. కీ ఇచ్చి బిగింపు మళ్లీ చూడమంది. చూసేక చెయ్యి చాపింది.

“కీ నా చేతిలో పెట్టు. ఇప్పుడెయ్యి స్విచ్.”

మిషను తిరిగింది. ఇత్తడి పొట్టు బంగారంలా రాలింది. గంటకి బుష్ తయారైంది. ఇరుసుకి తొడిగితే ఎవరో కొలతిచ్చి పుట్టించినట్టు జారి కూర్చుంది. సుందరమ్మ బండెక్కి షెడ్డు చుట్టూ ఒకసారి, చాలక రెండోసారి తిరిగి, కాలవగట్టు మీద సెంటరు కేసి వెళ్లిపోయింది. ఆ చక్రం కనబడినంతసేపూ తాయారు కొంగు నోటికడ్డం పెట్టుకుని చూసింది.

ఆ రోజునించీ షెడ్డులో కొత్త పద్ధతి. కీ తాయారు దగ్గరుంటుంది. జడ, చున్నీ, గాజు, కళ్లజోడు చూసి, ఇంకా ఏమేం కావచ్చో తనకి తోచినవన్నీ అడిగి, అప్పుడు ఇస్తుంది. పని మొదలయ్యే ముందు వెనక్కి పుచ్చుకుంటుంది. ఆవిడ లేనిదే మిషను తిరగదు.

కనకరాజు తన ఉప్మా తనే చేసుకుంటూ నెల్లాళ్లు ఓపిక పట్టేడు. కొత్తపేటలో మేనకోడలి ఓణీల ఫంక్షను నాడు ఫోన్ చేసేడు.

“తాయారూ, మూడ్రోజులు ఉండి రావాలి. బయల్దేరు.”

“ఎలా కుదురుద్దండి? నేను కదిల్తే మిషను ఆగిపోద్ది.”

“ఆగిపోవాలనే గదా నువ్వు వెళ్లింది.”

తాయారు చేతిలో కీ అటూ ఇటూ తిప్పింది. శిరీష ఇంకా స్విచ్ వెయ్యలేదు, షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది.

“ఏవండోయ్, ఏమీ వినబడట్లేదండి. ఇక్కడ మిషను తిరుగుతోంది,” అని ఫోను పెట్టేసింది.