నిష్పక్షపాతులు కావలెను

మనిషి న్యాయంగా ఆలోచిస్తాడో లేదో తెలుసుకోవడానికి లోకంలో ఒకటే దారి ఉంది. ఆ సంగతి అతన్నే అడగాలి. అడిగి, అతను చెప్పింది నమ్మాలి. ఈ మాట నేను గాలికి అనడం లేదు. మా బ్రెంట్‌వెల్ కౌంటీ కోర్టులో కళ్ళారా చూసి అంటున్నాను.

మీరు పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూస్తారు. పాత ట్రక్కు కొనేటప్పుడు దాని కిందకి దూరి మరీ చూస్తారు. ఎంత అమాయకులు! "ఏమమ్మా, తియ్యగా ఉన్నావా?" అని పుచ్చకాయనే అడగరాదూ? మా కోర్టువాళ్ళు ఆ తెలివైన పనే చేస్తారు. ఒక మనిషి నేరం చేశాడో లేదో తేల్చే జూరీకి పన్నెండు మందిని ఏరాలి కదా. అందుకని నలభై మందిని పిలిచి, బెంచీల మీద కూర్చోబెట్టి, అబద్ధం చెప్పబోమని ప్రమాణం చేయించి, "మీరు న్యాయంగా ఉండగలరా?" అని అడుగుతారు. ఉండగలమన్నవాళ్ళను ఉంచుకుంటారు, లేదన్నవాళ్ళను ఇంటికి పంపేస్తారు. ఇంతకంటే తేలికైన పరీక్ష మా ఊరి నర్సరీ బడిలో కూడా లేదు.

ముందు కేసు చెప్తాను. డస్టిన్ మారెక్ అనే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు రెండేళ్ళ కిందట వేరే ఊరి నుంచి వచ్చి ఇక్కడ చిన్న ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడు. హెర్బ్ టెస్కా అనే ఎనభై ఏళ్ళ పెద్దాయన షెడ్డులోంచి గడ్డి కోసే బండి, కూర్చుని నడిపే రకం, ఎత్తుకెళ్ళాడని అతని మీద ఆరోపణ. "ఆయనే రిపేరుకిచ్చి మర్చిపోయాడు" అంటాడు కుర్రాడు. నేను ఇవ్వనే లేదంటాడు పెద్దాయన. రుజువైతే రెండేళ్ళ దాకా జైలు. కుర్రాడి తల్లి వెనక బెంచీ మీద కూర్చుని పర్సు గట్టిగా పట్టుకుని ఉంది.

ఇక పరీక్ష. తొమ్మిదో నంబరు డెల్మార్ వోస్. సెప్టెంబరు చివర, మొక్కజొన్న కోతకొచ్చి చేల్లో నిలబడి ఉన్న రోజులు. "చెయ్యకపోతే పోలీసులు ఊరికే పట్టుకుంటారేంటండీ?" అన్నాడు మొహంలో రవ్వంత సిగ్గు లేకుండా. పంపేశారు. పది నిమిషాల్లో అతని ట్రక్కు చేను వైపు దుమ్ము లేపుకుంటూ పోవడం నేను కిటికీలోంచి చూశాను. ఇరవై రెండో నంబరు ఆవిడ కనుబొమ్మలు చూసి దొంగను పట్టేస్తానంది. ఆ శనివారం ఆమె చెల్లెలి పెళ్ళి. ఆమెనీ పంపేశారు. చూశారా, ఈ ప్రశ్న వల్ల ఎంత మందికి ఎంత మేలో!

పదహారో నంబరు నేను. మా ఇంట్లో ఏసీ చెడిపోయింది, కోర్టులో బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పైగా మా ఊరి పత్రికలో నేను రాసే ఈ కాలమ్‌కి వారం వారం సరుకు కావాలి. కాబట్టి నాకు జూరీలో ఉండాలనే ఉంది. కుర్రాడి మెడ మీద పాము పచ్చబొట్టు ఉంది. కాలర్ పైనుంచి దాని తోక కనిపించగానే నా తీర్పు అయిపోయింది, అప్పటికి జడ్జిగారు కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

"న్యాయంగా ఉండగలరా?"

"ఉండగలనండీ," అన్నాను. గొంతు ఖంగుమంది. సర్కారు లాయరు చిరునవ్వు నవ్వాడు. కుర్రాడి లాయరు కూడా తల ఊపాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. ఆ రోజు భుజం తడుముకున్నది ఒక్క పద్నాలుగో నంబరే. ఆర్లీస్ కుబిచెక్, డెబ్బై ఒక్కేళ్ళు, ముప్ఫై ఒక్క సంవత్సరాలు బడి బస్సు నడిపింది. వెనక సీట్లో పిల్లలు కొట్టుకుంటే బస్సు ఆపి, ఇద్దరి మాటా పూర్తిగా విన్నాకే కదిలించేది. ఆ రోజుల్లో మా ఊళ్ళో సగం మంది బడికి ఆలస్యంగా వెళ్ళింది ఆవిడ పుణ్యమే. జూరీ పిలుపు ఆవిడకి జన్మలో ఇదే మొదటిసారి. నీలం గౌను ఇస్త్రీ చేసుకుని, కొత్త నోటుపుస్తకం కొనుక్కుని మరీ వచ్చింది.

"మేడమ్, మీరు న్యాయంగా ఉండగలరా?"

"తెలీదండీ," అంది.

జడ్జి హాల్వర్సన్ గారు ముందుకు వంగారు. "తెలీదంటే?"

"పోయినేడు మా గరాజులోంచి సైకిలెవరో ఎత్తుకెళ్ళారు. దొంగతనమంటే నాకిప్పటికీ ఒళ్ళు మంట. ఆ మంట ఈ అబ్బాయి మీద పడకుండా చూసుకుంటాను. పడుతుందో లేదో, ఇంకా ఏమీ వినకుండానే ఎలా చెప్పమంటారు?"

"అమ్మా, నాకు అవునో కాదో కావాలి."

"అబద్ధం చెప్పనని ఇందాకేగా ఒట్టు పెట్టించారు. అవునంటే అబద్ధమవుతుందేమో. కాదన్నా అంతేనండీ."

"అవునా, కాదా?"

ఆవిడ నోటుపుస్తకం వంక చూసుకుంది. "అయితే అవుననలేనండీ."

"థాంక్యూ మేడమ్. మీరు వెళ్ళొచ్చు."

ఎంత సరైన నిర్ణయం! తన మీద తనకే అనుమానం ఉన్న మనిషిని ఇంకొకరి బతుకు తేల్చమంటే ఏం బాగుంటుంది? అనుమానమనేదే లేని నాలాంటివాళ్ళు పన్నెండు మంది ఉండగా!

ఆర్లీస్ గారు ఇంటికి వెళ్ళలేదు. వెళ్ళి ఆఖరి బెంచీలో, కుర్రాడి తల్లి పక్కన కూర్చుంది. రెండు రోజులూ అక్కడే ఉండి నోటుపుస్తకంలో రాసుకుంటూనే ఉంది. మేము పన్నెండు మందిమి మాత్రం ఏసీలో చల్లగా కూర్చున్నాం. నా పక్కనాయన మధ్యాహ్నాలు కళ్ళు మూసుకుని వినేవాడు. అతనూ న్యాయంగా ఉండగలనన్నవాడే.

మంగళవారం సాయంత్రం లోపలి గదిలో మా చర్చ ముప్ఫై అయిదు నిమిషాలు సాగింది. అందులో ఇరవై నిమిషాలు హామ్ శాండ్విచ్‌ల గురించి, ఆవాల సాస్ ఎందుకు పంపలేదని. ఆ తరవాత చేతులెత్తాం. అందరికంటే ముందు లేచిన చెయ్యి నాదే. నేరస్థుడని చెప్పినప్పుడు కుర్రాడి తల్లి పర్సు కింద పడింది, ఆర్లీస్ గారు వంగి తీసి ఇచ్చింది.

పార్కింగులో ఆవిడ నన్ను ఆపింది. చేతిలో కొలాచీల డబ్బా ఉంది, మధ్యలో జామ్ పెట్టి కాల్చే తీపి బన్నులు. వాళ్ళమ్మాయి చేసిందట.

"ఏమయ్యా లైల్, ఇప్పుడైతే నిన్ను అడగొచ్చు కదా. ఆ తాళంచెవి సంగతి లోపల మాట్లాడుకున్నారా?"

"ఏ తాళంచెవండీ?"

"బండిది. వంటింటి తలుపు పక్కన మేకుకి తగిలిస్తాననీ, రాత్రిళ్ళు తలుపు గడియేసుకుంటాననీ హెర్బే చెప్పాడుగా. పోలీసులు పట్టుకున్నప్పుడు తాళంచెవి బండికే ఉందిట. ఇంట్లోకి ఎవరూ దూరలేదని కూడా హెర్బే చెప్పాడు. మరి ఆ అబ్బాయి చేతికి అదెలా వచ్చిందయ్యా? ఎవరో ఒకరు ఇవ్వాలి కదా. లాయర్లు అడుగుతారని చూశాను, అడగలేదు. సర్లే, లోపల మీరైనా అనుకుంటారనుకున్నా."

హెర్బ్ ఆ మాట అన్నప్పుడు నేనేం చేస్తున్నానో నాకు బాగా గుర్తుంది. పాము తోక ఎటు తిరిగిందా అని చూస్తున్నాను.

"మాట్లాడుకున్నామండీ," అన్నాను. గొంతు అప్పుడు కూడా ఖంగుమంది.

"హమ్మయ్య," అంది ఆవిడ. "నిన్న రాత్రంతా అదే ఆలోచన. పన్నెండు మంది కూర్చుని ఆలోచించారంటే మీకేదో తోచే ఉంటుంది. నాకు తోచలేదు, అంతే." పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. డబ్బా మూత తీసి నాకో కొలాచీ ఇచ్చింది. ఆప్రికాట్ జామ్ పెట్టినది. అక్కడే నిలబడి తిన్నాను.

శిక్ష వచ్చే గురువారం ఖరారు చేస్తారు. జడ్జి హాల్వర్సన్ గారు బుధవారం పూట కాఫీతో ఈ కాలమ్ చదువుతారని మా పత్రికలో చెప్పుకుంటారు. నిజమైతే ఆయనకొక మనవి. పదహారో నంబరు మాట్లాడుతున్నానండీ. ఆ ప్రశ్న నన్ను ఇంకొక్కసారి అడగండి.