పుదీనా అంటే పళ్ల డాక్టరు

ఆ శనివారం గడిచిపోతే ఆకులమ్మ పందెం గెలిచినట్టే. వారం రోజులపాటు ఒక్క కోటు కూడా దారి తప్పకుండా ఎవరిది వాళ్లకి చేరితే డాబా మీది పంతొమ్మిది కుండీలూ ఉన్నచోటే ఉంటాయి. ఒక్కటి తప్పినా అవన్నీ కిందికి దిగాలి, ఆ జాగాలో కొడుకు బట్టలారేసే తీగలు కట్టుకుంటాడు. ఆరు రోజులు నిక్షేపంగా గడిచాయి. మిగిలింది ఒక్క పూట. పొద్దున్నే తొమ్మిదిన్నరకల్లా కోట్లు సర్దేసి, ఆ తర్వాత పుదీనా కత్తిరించుకుని, కాళ్లు చాపుకుని గెలిచిన టీ తాగాలని ఆవిడ ఏర్పాటు.

ఆకులమ్మ అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. పంతొమ్మిది కుండీలంటే పేరుకే గానీ అసలు కుండీలు ఐదారుకి మించవు. మిగతావి రంగు డబ్బాలు, చిల్లుపడ్డ బకెట్లు, ఒక పాత హెల్మెట్టు, కొడుకు పసివాడుగా ఉన్నప్పటి స్నానాల తొట్టి. తొట్టినిండా పుదీనా. హెల్మెట్టులో మరువం. టీలో ఆకు, తాగే నీళ్ల కూజాలో ఆకు, బీరువాలో ఆకు, దిండు గలీబులో ఆకు. ఆ ఇంటికి వెళ్లిన మనిషి ఏదో ఒక ఆకు నమలకుండా బయటపడిన దాఖలా లేదు.

డాబా కింద వాళ్ల దుకాణం. అక్కడ ఉతికేదీ ఇస్త్రీ చేసేదీ పనిలో వేసుకునే తెల్లకోట్లు మాత్రమే. వాడుక ఖాతాదారులు నలుగురు: పళ్ల డాక్టరు, సెలూన్ ఆయన, బేకరీ ఆయన, మాంసం కొట్టు ఆయన. ఇస్త్రీ చేసి మడతపెట్టేది ఆకులమ్మ భర్త పెద్దాయన. గుమ్మం పట్టనంత బేకరీ ఆయన కోటైనా, గడకర్ర లాంటి పళ్ల డాక్టరు కోటైనా ఆయన చేతిలో పడితే మడత ఒకే కొలత, ఇటుకలు పేర్చినట్టు. ఎవరిది ఏదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

వెనక కాలరు మీద ఇంకుతో గీతలు పెట్టి గుర్తుపట్టేవారు. పళ్ల డాక్టరుకి మూడు గీతలు. ఒక రోజు ఆయన కోటు పట్టుకుని వచ్చి, "ఈ గీతలు తీసేయండి మహాప్రభో. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ఆ ముగ్గురికీ ఏమైందని అడుగుతున్నాడు" అని మొత్తుకున్నాడు. ఇంకు ఆగిపోయింది. కొడుకు చీటీలు అచ్చువేసే మెషిను కొనుక్కొచ్చాడు. ఆకులమ్మ ఆ మెషినుని ఒకసారి ఎగాదిగా చూసింది.

"చీటీలెందుకురా? ఆఖరి జాడింపు నీళ్లలో ఆకు నానబెడితే సరి. పుదీనా అంటే పళ్ల డాక్టరు. నిమ్మగడ్డి సెలూన్. మరువం బేకరీ. వామాకు మాంసం కొట్టు. కళ్లు మూసుకుని సర్దిపారేస్తాను."

"కళ్లు కాదమ్మా, ముక్కు మూసుకుంటే అప్పుడేం చేస్తావ్?" అన్నాడు కొడుకు. అలా పడింది పందెం.

ఆ మాట ఏ ముహూర్తాన అన్నాడో గానీ, శనివారం తెల్లవారేసరికి ఆకులమ్మ ముక్కులో సిమెంటు పోసినట్టయింది. వరసగా పదకొండు తుమ్ములు తుమ్మి, కిందికి దిగి, ఇస్త్రీ గది అరల్లో పైనున్న కోటు తీసి మొహానికి ఆనించుకుంది. ఏమీ లేదు. ఇంకోటి తీసింది. ఊహూఁ. ఇరవైనాలుగు కోట్లూ ఇరవైనాలుగు కాగితాల్లా ఉన్నాయి. పెద్దాయన చూస్తే ఇస్త్రీపెట్టె కాయిలు మాడిందని బాగుచేయించడానికి పొద్దున్నే వెళ్లిపోయాడు. ఉంటే మాత్రం ఏం లాభం, రోజుకి పది మాటలు దాటని మనిషి, అనుకుంది.

అంతలో పేపరాయన సైకిలు దిగాడు.

"కాస్త ఇది వాసన చూసి పెట్టండి" అంది ఆవిడ, కోటు ఆయన ముక్కు కింద పెట్టి.

"ఏమండీ, ఎలకేమైనా చచ్చిందా?"

"ఎలకేంటండీ, ఉతికిన బట్ట. ఏ ఆకో చెప్పండి చాలు."

పేపరాయన కళ్లు మూసుకుని గుండెలనిండా పీల్చాడు. "టీ."

"టీ ఆకు నేనెక్కడ పెంచుతానండీ?"

"అంటే మీరిచ్చే టీ. మీ ఇంటి టీ అచ్చం ఇలాగే ఉంటుంది."

ఆవిడకి నీరసం వచ్చింది. ఆ టీలో నాలుగు ఆకులూ వేసేది ఆవిడే. ఇంకో కోటు పెట్టింది. "ఇదీ టీయేనండీ. కాకపోతే చల్లారింది" అన్నాడాయన, కొంచెం ఆశగా వంటింటివైపు చూస్తూ.

ఇక ముక్కు తెరవక తప్పదు. ఆకులమ్మ డాబా మీదికి పరుగెత్తి, నాలుగు రకాలూ తలో పెద్ద గుప్పెడు కోసుకొచ్చింది. వంటింట్లో ఆవిరి పడితే కొడుకు చూస్తాడు. అందుకని ఇస్త్రీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మొండి మరకలకి నీళ్లు కాచే పెద్ద డేగిసా అక్కడే ఉంది. ఆకులన్నీ అందులో పడేసి, కింద మంట పెద్దది చేసి, నెత్తిన దుప్పటి కప్పుకుని మొహం పెట్టింది. తప్పు చెప్పకూడదు, ఆ మందు బ్రహ్మాండంగా పనిచేసింది. పావుగంటలో కుడిముక్కు తెరుచుకుంది. ఇంకో పది నిమిషాలకి ఎడమది. దుప్పటి తీసి చూస్తే గదిలో గోడలు కనబడటం లేదు. కళ్లజోడు తుడుచుకుంటే మళ్లీ మసకేసింది.

సంతోషంగా మొదటి కోటు అందుకుని పీల్చింది. పుదీనా. హమ్మయ్య. ఇంకొంచెం పీల్చింది. నిమ్మగడ్డి కూడా. దాని వెనకే మరువం. అడుగున వామాకు. గాభరాగా ఇంకోటి తీసింది, ఇంకోటి తీసింది. అరల్లో ఉన్న ఇరవైనాలుగు కోట్లూ ఆ ఆవిరిని శుభ్రంగా తాగేసి, ఒక్క కడుపున పుట్టిన బిడ్డల్లా ఒకే వాసన వేస్తున్నాయి.

బయట కొడుకు స్కూటరు హారను కొట్టాడు. "అమ్మా, తొమ్మిదిన్నర. సర్దావా?"

"సర్దకపోవడానికేం రోగం? ఇదిగో తెస్తున్నా" అంది ఆకులమ్మ. విప్పి చూద్దామంటే ఆ మడత మళ్లీ వేసే పెద్దాయన లేడు. ఆరేసి కోట్ల చొప్పున నాలుగు మూటలు కట్టింది. ఏ మూట ఎవరిదని కొడుకు అడిగితే, మసక కళ్లజోడులోంచి గంభీరంగా చూసి, తోచిన పేరల్లా చెప్పింది.

పది గంటలకి పళ్ల డాక్టరు కుర్చీలో ఒక గుమాస్తా నోరు తెరుచుకుని ఉన్నాడు. దూది పెట్టడం అయింది. డాక్టరు మూటలోంచి కొత్త కోటు తీసి, పేషెంటు మీదే దృష్టి పెట్టి తొడుక్కుని, పట్టకారు అందుకున్నాడు. అది మాంసం కొట్టు కోటు. ఎన్నిసార్లు ఉతికినా వదలని లేత ఎర్రటి మరక ఒకటి పొట్ట మీద పళ్లెమంత ఉంటుంది దానికి. గుమాస్తా ఆ మరక చూశాడు. పట్టకారు చూశాడు. దూదితో సహా వీధిలో పడ్డాడు.

"ఆగండి, ఏమీ చెయ్యను" అంటూ డాక్టరు వెంటపడ్డాడు. చేతిలో పట్టకారు ఉందన్న సంగతి ఆయనకి గుర్తు లేదు, వీధిలో వాళ్లకి మాత్రం స్పష్టంగా కనబడింది.

సెలూన్ ఆయన అప్పుడు బేకరీ కోటులో ఉన్నాడు. చేతులు ఎక్కడున్నాయో తెలియకుండా మునిగిపోయి, నురగ పూసిన ఒక బుగ్గని గొరగడానికి కత్తిని కోటు చేతిలోంచి తవ్వి తీస్తున్నాడు. కిటికీలోంచి ముందు దూది మనిషి, వెనక మరక మనిషి కనబడేసరికి నురగ ఆసామీ తువ్వాలుతో సహా లేచి పరుగందుకున్నాడు. ఆయన వెనక సెలూన్ ఆయన. ఈ గోలేమిటా అని గుండీలు పట్టని పళ్ల డాక్టరు కోటులో, చేతిలో కత్తి అలాగే ఉండగా, మాంసం కొట్టు ఆయన బయటికొచ్చాడు. దాంతో నడుస్తున్న వాళ్లు కూడా పరుగెత్తారు.

అందరూ వచ్చి తేలింది ఆకులమ్మ దుకాణం ముందే. బేకరీ ఆయన అప్పటికే అక్కడున్నాడు. సెలూన్ కోటు చంకల్లో బిగుసుకుపోయి చేతులు దిగక, కేకు పళ్లెం ఎత్తి పట్టుకునే వచ్చాడు.

"పెద్దమ్మా, ముందు దీన్ని విప్పండి. తర్వాత తిడతాను" అన్నాడు.

కొడుకు మెట్టెక్కి నిలబడ్డాడు. "ఒకటి కాదమ్మా, నాలుగు. ఇంకెందుకు, నాకు తెలుసు ఇలా అవుతుందని. నీకు చెప్పకుండా ప్రతి కోటు అంచు కిందా చీటీ అంటించాను. అందరూ కాస్త అంచులు తిప్పండి."

తిప్పారు. చీటీలు లేవు. ఆవిరికి జిగురు కరిగి అవి ఎప్పుడో రాలిపోయాయి. ఒకటి డాక్టరు మోచేతికి అంటుకుంది, ఒకటి కేకు మీదుంది, మిగతావి ఇస్త్రీ గది నేలంతా పరుచుకున్నాయి, కొన్ని కొడుకు చెప్పులకి అంటుకుని వచ్చాయి.

ఆకులమ్మ డాబా మీదికి వెళ్లి, మరువం ఉన్న హెల్మెట్టు రెండు చేతులా పట్టుకుని దిగొచ్చింది. "పందెం పందెమే. తొట్టి నావల్ల కాదు, నువ్వు దింపు" అంది. ముక్కు మళ్లీ మూసుకుపోయింది, ఈసారి జలుబు వల్ల కాదు.

అప్పుడొచ్చాడు పెద్దాయన, చంకలో ఇస్త్రీపెట్టెతో. జనాన్ని చూశాడు. పెట్టె దించి, డాక్టరు వెనక్కి వెళ్లి కాలరు మడత ఎత్తాడు.

"మాంసం కొట్టు" అన్నాడు. తర్వాతి కాలరు ఎత్తాడు. "బేకరీ." ఆ తర్వాతది. "పళ్లు." ఆ తర్వాతది. "సెలూన్."

ఆకులమ్మ ముందుకొచ్చి చూసింది. కాలరు మడత లోపల, తెల్లగుడ్డ మీద తెల్లదారంతో కంటికి ఆనని చిన్న ముడి. ఒకరికి ఒకటి, ఇంకొకరికి రెండు, మూడు, నాలుగు.

"ఎప్పట్నించండీ ఇది?"

"ఇంకు మానేసిన రోజు నించి."

"మరి ఈ వారమంతా నేను సర్దినవి?"

"నువ్వు మొక్కలకి నీళ్లు పోయడానికి పైకెళ్లాక మళ్లీ సర్దేవాణ్ణి. సోమవారం రెండు తప్పు. గురువారం ఐదు."

కొడుకు చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. "అయితే సోమవారమే ఓడిపోయావమ్మా."

"నీ చీటీలు నిన్న తొమ్మిది తప్పు" అన్నాడు పెద్దాయన. ఆ రోజుకి ఆయన మాటలు ఎప్పుడో అయిపోయాయి, ఇవి పై రోజువి.

కొడుకు వంగి చెప్పుకి అంటుకున్న చీటీ పీక్కున్నాడు. ఈలోగా గుమాస్తా నోట్లోంచి దూది తీసుకున్నాడు. "డాక్టరుగారూ, మరక చూసి పారిపోయాను గానీ కోటు వాసన మాత్రం హాయిగా ఉందండీ. కాసేపు నొప్పి సంగతే మర్చిపోయాను. ఈ వాసన రోజూ ఉంటుందంటే రెండో పన్ను కూడా చూపిస్తాను."

"మావాళ్లూ అదే అన్నారు, ఏం పూశారు ఇంత బాగుందని" అన్నాడు సెలూన్ ఆయన, నురగ ఆసామీని చూపించి. డాక్టరు తన కోట్లన్నిటికీ ఈ నాలుగాకుల వాసనే పెట్టమన్నాడు. డాక్టరుకి పెడితే మాకెందుకు పెట్టరని మిగతా ముగ్గురూ పట్టుబట్టారు. అందరికీ ఒకే వాసనైతే ఇక గుర్తులేముంటాయి అనబోయి ఆకులమ్మ మాట మింగేసింది. అప్పటికే కొడుకు తలెత్తి డాబా అంచుని కళ్లతో కొలుస్తున్నాడు.

"పంతొమ్మిది చాలవేమోనమ్మా" అన్నాడు. తల్లి చేతిలోంచి హెల్మెట్టు తీసుకుని మెట్లెక్కాడు.

ఇప్పుడా దుకాణంలో ప్రతి కోటుకీ కొడుకు అంటించే చీటీ ఉంటుంది, తల్లి పెట్టే వాసన ఉంటుంది, తండ్రి వేసే ముడి ఉంటుంది. సర్దేటప్పుడు మాత్రం ముడి చూస్తారు.