కోళ్ళకు కుట్టిన యూనిఫాం

కొత్త పెట్టల్ని కొనుక్కొచ్చిన పొద్దున దర్జీ మొహం చూసి తీరాలి. ఏనుగుని పట్టి తెచ్చినవాడిలా వచ్చాడు. చంకలో బుట్ట, బుట్టలో మూడు తెల్ల పెట్టలు.

"వీటినేం చేస్తారు?" అంది ఇల్లాలు, పెరడు ఊడుస్తూ.

"గూట్లో పాతవాటితో కలిపేస్తాను."

"ఇవాళే?"

"కాకపోతే బ్యాండు మేళం పిలవాలా?"

"మధ్యలో జాలీ కట్టండి. కొన్నాళ్ళు అవి అటు, ఇవి ఇటు. మొహాలు చూసుకుని అలవాటు పడ్డాక కలపచ్చు."

"కోళ్ళకి పెళ్ళిచూపులా! చూడవే, వచ్చినవాళ్ళని మొదటిరోజే లోపల పెట్టేయాలి. సర్దుకోవాల్సింది పాతవాళ్ళు."

చీపురు ఆగింది. "ఈ మాట మీదే ఉంటారా?"

"దర్జీ మాటే ఇది. కొలతలో తేడా ఉండదు."

ఆయన కుట్టిన చొక్కా తొడుక్కుని చెయ్యి పైకెత్తగలిగినవాడు ఆ వీధిలో ఒక్కడూ లేడు. అది వేరే సంగతి.

పెరట్లో పాత పెట్టలన్నిటికీ పెద్ద ఒక ఎర్ర పెట్ట. దాని పేరు వార్డెనమ్మ. పెట్టింది దర్జీయే. ఇల్లాలి అక్క ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. మెడ సాచి, తల పక్కకి వంచి, ఒంటికన్నుతో మనిషిని చెప్పుల దగ్గర్నుంచి పైదాకా చూస్తుందావిడ. ఈ పెట్టా అంతే. ఆ పేరు ఇల్లాలి ముందు ఎప్పుడూ పలకలేదని దర్జీ ధైర్యం. ఆ ఇంటి గోడలు మాత్రం బాగా పల్చన.

బుట్ట బోర్లించాడో లేదో, వార్డెనమ్మ ఒంటికన్నుతో చూసింది. తర్వాత దిండు చింపినట్టే అయింది పెరడంతా. తెల్ల పెట్టలు కెవ్వుమంటూ కిటికీలోంచి దర్జీ కుట్టుగదిలోకి దూకాయి. ఇక బయటికి రాలేదు.

దర్జీకి ఆ గది ప్రాణం. అందులో మిషను, బల్ల, తలుపేసుకుంటే తను ఒక్కడు. ఇప్పుడు మిషను మీద ఒక పెట్ట, బల్ల మీద ఒక పెట్ట. మూడోది ప్లీడరుగారి నల్లకోటు మీద. ఆ కోటు నల్లగా ఎంతసేపుంటుంది?

"జాలీ కట్టమన్నానా?" అంది ఇల్లాలు.

"ఉండవే, జబ్బు ఎక్కడుందో కనిపెట్టాను. రంగు! అవి ఎర్రవి, ఇవి తెల్లవి. అన్నిటికీ ఒకే గుడ్డ తొడిగామనుకో, పాతదేదో కొత్తదేదో వార్డె... ఆ ఎర్రదానికేం తెలుస్తుంది?"

"కోళ్ళకి బట్టలు కుడతారా?"

"యూనిఫాం!"

బడిపిల్లలకి కుట్టగా మిగిలిన నీలం గుడ్డ తానుకి తాను పడుంది. దర్జీ టేపు పట్టుకుని పెట్టల వెంట పరుగెత్తాడు. ఛాతీ కొలిచేసరికి చెయ్యి పొడిచాయి, నడుము ఎక్కడుందో దొరకలేదు. అయినా కుట్టాడు. వీపు మీద హుక్కులు, చుట్టూ పట్టీ.

"జేబు కూడా పెట్టారేంటండీ?"

"అలవాటు."

మిగిలిన ముక్కతో తనకీ ఒక చొక్కా కుట్టుకుని తొడుక్కున్నాడు. గుడ్డ పారేయడమంటే ఆయనకి ఒళ్ళు మంట.

పెట్టలన్నీ యూనిఫాంలో వరసగా పెరట్లోకి దిగాయి. పక్కింటి ఇస్త్రీ ఆయన గోడ మీంచి తొంగిచూసి, "బాబాయ్, అడ్మిషన్లు అయిపోయాయా?" అన్నాడు.

దర్జీ మీసం మెలేశాడు. వేళ్ళు మీసం దిగకుండానే మొదలైంది.

కొత్తవాటిని పాతవి గుర్తుపట్టలేదు, నిజమే. కానీ పాతవాటిని పాతవీ గుర్తుపట్టలేదు. ఏళ్ళ తరబడి ఒకే కర్ర మీద పక్కపక్కన పడుకున్నవి, 'ఎవతెవే నువ్వు' అన్నట్టు కలబడ్డాయి. చివరాఖర్న తిని చివరాఖర్న పడుకునే బక్కపెట్ట ఒకటుంది. అది తిన్నగా వెళ్ళి వార్డెనమ్మ నెత్తిన ఒక్కటి పొడిచింది. వార్డెనమ్మ జన్మలో దెబ్బ తిని ఎరగదు. దానికి మతిపోయింది. ఈలోగా దాని హుక్కు ఇంకోదాని పట్టీకి తగులుకుంది. రెండూ చెరోవైపు లాగుతూ పెరడంతా గిరగిరా తిరిగాయి.

"ఆగండే! మీరంతా ఒకటేనే!" అంటూ దర్జీ మధ్యలో దూకాడు.

పెట్టలన్నీ ఆగాయి. నీలం చొక్కా కేసి చూశాయి. ఇంత పెద్ద కొత్తపెట్టని అవి ఎప్పుడూ చూడలేదు.

కోటు కోసం అప్పుడే వచ్చిన ప్లీడరుగారికి కనిపించింది ఏమిటంటే, దర్జీ గూడు పైకెక్కి రెండు కాళ్ళూ కడుపులోకి ముడుచుకుని కూర్చున్నాడు. కింద నీలం యూనిఫాం వేసుకున్న కోళ్ళు చుట్టుముట్టాయి.

"కోటు రేపు వచ్చి తీసుకుంటాలే," అన్నాడాయన, వెనక్కి వెనక్కి నడుస్తూ.

ఇల్లాలు హుక్కులు విప్పింది, మొగుణ్ణి దింపింది, అటకమీంచి జాలీ తెచ్చి పెరటికి అడ్డం కట్టింది. అటు పాతవి, ఇటు కొత్తవి. మొదట్లో జాలీకి ఇటూ అటూ బుసలు. తర్వాత పక్కపక్కనే గింజలు. ఒక పొద్దున ఆవిడ జాలీ విప్పేసింది. వార్డెనమ్మ లెక్క తప్పకుండా తెల్లవాటిని తలా ఒక్కటి పొడిచి, తన దారిన తను మేతకి పోయింది. అంతే.

దర్జీ కుట్టుగది కడుక్కున్నాడు. కిటికీ మూశాడు. 'హమ్మయ్య, నా గది నాకొచ్చింది' అనుకుని మిషను ముందు కూర్చుని దారం ఎక్కించాడు.

గుమ్మం ముందు బండి ఆగింది. ఇనప పెట్టె దిగింది. పరుపుచుట్ట దిగింది. వెనకే వదినగారు దిగి, తిన్నగా కుట్టుగదిలోకి వచ్చి, ఒంటికన్నుతో నాలుగు గోడలూ చూసింది.

"గాలి బానే వస్తుంది. ఇకనుంచి ఇక్కడేగా నేను ఉండేది. ఏం మరిదిగారూ, నా పేరు పెట్టుకున్న పెట్ట బాగుందా?"

దర్జీ నోట్లోని సూది మింగినంత పని చేశాడు. ఇల్లాల్ని వంటింట్లోకి లాక్కెళ్ళాడు. "ఏమిటే ఇది? ముందు చెప్పద్దా? నెమ్మదిగా... అలవాటు పడేవాణ్ణి కదా!"

"అక్కని తెచ్చుకుందామని ఏడాదిగా అడుగుతున్నా, ఏనాడైనా ఊ అన్నారా? మీ పద్ధతేగా. వచ్చినవాళ్ళని మొదటిరోజే లోపల పెట్టేయాలి. సర్దుకోవాల్సింది పాతవాళ్ళు."

దర్జీ తల గోక్కున్నాడు. "పోనీ... ఆ జాలీ ఎక్కడ పెట్టావు?"

"ఇస్త్రీ ఆయన కోళ్ళు కొన్నాడు. ఇచ్చేశాను."

సాయంత్రానికి మిషను పెరట్లో గూడు పక్కకి చేరింది. దర్జీ కూర్చుందామని అక్కడున్న పాత బెంచీ దగ్గరికి వెళ్ళాడు. దాని మీద మూడు తెల్ల పెట్టలూ కూర్చుని ఉన్నాయి. ఆయన్ని పైకీ కిందకీ చూశాయి. పాపం, పొడవలేదు. కాస్త జరిగి చోటిచ్చాయి.